సున్నా చూసి సంబరపడే బ్యాంకు

మా ఊరి సోలార్ పార్కు నేను రాసిన ప్రోగ్రాము మీద నడుస్తోంది.

ఈ మాట పావగడ బస్టాండులో చెప్పాను. తాలూకా కచేరి ముందున్న టీ అంగడిలో చెప్పాను. అరసికెరెలో ఒక పెళ్లికి పోయి, భోజనాల పంక్తిలో అటు పక్కాయనకూ ఇటు పక్కాయనకూ వినబడేలా చెప్పాను. ఎవరూ కాదనలేదు. చారు పోసే పిల్లవాడు మాత్రం, "అట్లనా తాతా? అయితే మా ఇంట్లో కరెంటు పోతే ఇంగ నీకే ఫోన్ చేస్తా" అన్నాడు. చెయ్యమన్నాను. నంబరు అడగలేదు కాబట్టి బతికిపోయాను.

నోటితో చెప్పేటప్పుడు ఎంతైనా సాగదీయవచ్చు. కాగితం మీద పెట్టేటప్పుడు కాస్త తగ్గాలి. పార్కు మొత్తం కాదు. క్యాతగానచెర్లు దారిలో ఉండే ఒక గేటు. గేటు మొత్తం కూడా కాదు, దానిలో నుంచి పొద్దున లోపలికి పోయి సాయంత్రం బయటికి వచ్చే గొర్రెల లెక్క. ఇక ఆ ప్రోగ్రాము నేను రాసిందేనా అంటే, ఆ సంగతి తర్వాత. అన్నీ ఇక్కడే ఒప్పుకుంటే మీరు పుస్తకం మూసేస్తారు.

మా తాతకు మంద ఉండేది, పొలం లేదు. మా నాన్నకు రెండూ ఉండేవి. నా వంతు వచ్చేసరికి పొలం ప్యానెళ్ల కిందికి పోయి మంద మిగిలింది. పొలానికి లీజు డబ్బు వస్తుంది. ఆ మాటకొస్తే వేరుశనగ పంట కంటే నమ్మకంగానే వస్తుంది. కానీ డబ్బును గొర్రె మేయదు. ఒకప్పుడు జీవాలు తిరిగిన బీళ్లన్నీ కంచె లోపలికి పోయాయి. ప్యానెళ్లు కడిగిన నీళ్లు కిందికి కారి, ఆ నీడలో పచ్చిక మోకాలెత్తు పెరుగుతుంది. కంచెకు అటు పచ్చిక, ఇటు మా మంద. కమ్మీల సందులో మూతి పెట్టి అవి చూసే చూపు నేను తట్టుకోలేకపోయాను. ఒక ఎండాకాలం మొదట్లో, "ఈ ఏడు అమ్మేద్దామే" అని మా ఆవిడతో అన్నాను. ఆ పూట నా రాగిముద్ద పక్కన ఊరుబిండి పచ్చడి లేదు. ఆవిడ జవాబు అదే.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను కంప్యూటరు నేర్చుకున్నాను.

మా కోడలు మడకశిర పక్క పిల్ల. పొద్దున పూట పార్కులో ప్యానెళ్లు కడిగే పనికి పోయి మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది. అప్పట్లో ఆదివారాలు పావగడకు పోయి కంప్యూటరు కోర్సు చదివేది. కోర్సులో వాళ్లను బ్యాంకు కట్టమన్నారు. అంటే నిజం బ్యాంకు కాదు. ఖాతా తెరవడం, డబ్బు వేయడం, తీయడం, ఈ మూడూ తెలిసిన చిన్న ప్రోగ్రాము. ఒక మధ్యాహ్నం పాత ల్యాప్‌టాప్‌ను పీట మీద పెట్టుకుని నన్ను కేకేసింది.

"మామా, ఈడ కూచో. నీకు పాఠం చెప్తా."

"నాకా? ఐదో క్లాసులోనే బడి ఇడిసిపెట్టినోణ్ణి గదమ్మా."

"ఎవరికన్నా చెప్తే మనకు బాగా పట్టుబడతాదని మా మేడం చెప్పింది. అత్తకు చేతినిండా పని. ఇంట్లో ఖాళీగా ఉండేది నువ్వు, పిల్లి. పిల్లిని అడిగినా, అది కూచోలేదు."

పిల్లి తర్వాతి వాణ్ణి కాబట్టి కూర్చున్నాను.

మొదట క్లాస్ అంది, ఆబ్జెక్ట్ అంది. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. కోడలు ల్యాప్‌టాప్ వదిలేసి వాకిలి బయటికి చెయ్యి చూపింది. మా ఇంటి ముందు నుంచి కనుచూపు మేర ప్యానెళ్లే.

"అదో, అవన్నీ ఒక్క డ్రాయింగు చూసి నిలబెట్టినారు గదా. ఆ డ్రాయింగు క్లాసు. దాన్ని చూసి నిలబెట్టిన ఒక్కో ప్యానెల్ ఒక ఆబ్జెక్టు."

"అయితే రెండూ ఒకటే గదా?"

"నేను పొద్దున్నే లేసి కడిగేది డ్రాయింగునా, ప్యానెల్‌నా?"

"ప్యానెల్‌నే."

"ఎందుకంటే డ్రాయింగు మీద దుమ్ము పడదు మామా. దేని దుమ్ము దానిదే. ఖాతా అనే క్లాసు ఒక్కటే రాస్తాము. దాంట్లోనుంచి నీకొక ఖాతా, అత్తకొక ఖాతా. ఎవరి డబ్బు వాళ్లదే."

అంత సులభంగా నాకు బడిలో ఎవరైనా చెప్పి ఉంటే ఆరో క్లాసు దాకా పోయేవాణ్ణి.

ఒక్క వరుస రాసి నా పేరు మీద ఖాతా తెరిచింది. అందులో కొంచెం డబ్బు వేసింది, ఉత్తుత్తి డబ్బే. తీసుకోమంది. ఉత్తుత్తి డబ్బు తీసుకోవడానికి పిసినారితనం ఎందుకని, తోచినంత పెద్ద అంకె కొట్టాను. 'నిల్వ చాలదు' అని వచ్చింది. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే మాట.

"ఖాతా నాది. కంప్యూటరు మనింట్లో ఉండాది. కొట్టేది నేను. నాకే లేదంటాదా?"

"ఎవరికైనా అంతే అంటాది. పెట్టినదానికన్నా ఎక్కువ తీయనియ్యదు. ఆ మాట రాసింది నేనే. ఇంగ నేను బతిమాలినా వినదు."

అక్కడే దాని మీద నాకు గౌరవం పుట్టింది. రాసినవాళ్లు చెప్పినా మాట తప్పని వస్తువును నేను అదివరకు చూడలేదు.

తర్వాతి పాఠం వారసత్వం. ఖాతా క్లాసుకు పొదుపు ఖాతా అని ఒక బిడ్డను పుట్టించింది. "తల్లికి వచ్చే పనులన్నీ దీనికీ వస్తాయి మామా, మళ్ల నేర్పే పని లేదు. పైన వడ్డీ ఒకటి దీనికి సొంతంగా తెలుసు."

"పెట్టింది పెట్టినట్ల పడుండక పెరిగేదేంది? నీ బ్యాంకు ఈనుతాదా?" అని పగలబడి నవ్వాను. ఆ రోజు ఆ నవ్వు నవ్వకుండా ఉండాల్సింది.

నాకు బడిలో వచ్చింది కన్నడం. తెలుగు అక్షరాలు గోడల మీది సినిమా పోస్టర్లు చూసి నేర్చుకున్నాను. అందుకే ఇప్పటికీ నా చేతిరాత కొంచెం హీరో పేరులాగా ఉంటుంది. ప్రోగ్రాములో పేర్లు తెలుగులో కూడా పెట్టుకోవచ్చని కోడలు చెప్పగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. సొంతంగా ఒక బ్యాంకు కట్టాను. నా పేరు మీద ఒక ఖాతా, మా బావమరిది పేరు మీద ఒక ఖాతా. బావమరిది ఖాతాలో వేస్తే నా ఖాతాలో కూడా పెరిగింది. ఇది నాకు చాలా నచ్చింది. కోడలికి నచ్చలేదు.

"దుమ్మును డ్రాయింగు మీద పోసినావు మామా. నిల్వను క్లాసులో పెడితే అందరికీ ఒకటే అయిపోతాది. ఎవరి ఖాతాలో వాళ్లకు పెట్టాల."

"మందలో అంతే గదమ్మా. అందరివీ కలిసే మేస్తాయి."

"మేసేది కలిసే. సాయంత్రం ఎవరి దొడ్డికి వాళ్లవి పోవా?"

 దిద్దుకున్నాను.

ఇదిలా ఉండగా పార్కులో గడ్డి పని చూసే ఇంజనీరు మా ఊళ్లోకి వచ్చాడు. గడ్డి ప్యానెల్ ఎత్తుకు పెరిగితే దాని నీడ పడి కరెంటు తగ్గుతుంది. కోయించి కోయించి వాళ్లకు విసుగొచ్చింది. ఊళ్లో మందలు ఉన్న ఇళ్లవాళ్లం అందరం కలిసి ఒకే మందగా తోలుకొస్తే, నెల రోజులు లోపల మేపుకోనిచ్చి చూస్తామన్నాడు. ఒకటే షరతు. పొద్దున ఎన్ని పోయాయో సాయంత్రం అన్నీ బయటికి రావాలి, ఇంటింటికీ లెక్క తేలాలి. లోపల ఒక్కటి చిక్కుకుని రాత్రి వైర్లు కొరికిందంటే గొర్రే ఉండదు, వైరూ ఉండదు. ఒక్క సాయంత్రం లెక్క తప్పినా ఆ రోజుతో ఆఖరు, మళ్లీ అడగకూడదు.

మా ఆవిడ ఆ పూట ఊరుబిండి వేసింది. రెండుసార్లు వేసింది.

కానీ ఇక్కడ ఒక చిక్కు ఉంది. మా వాళ్లు జీవాలను ఎన్నరు. ఎన్ని ఉన్నాయని అడిగితే, "ఉండాయిలేప్పా, దేవుడిచ్చినన్ని" అంటాం. అంకె నోటితో అంటే దిష్టి. అన్నవాడి మందలో అంకె తగ్గుతుందని మా తాత చెప్పాడు, ఆయనకు వాళ్ల తాత చెప్పాడు. మరి ఒకటి తప్పిపోతే తెలియదా అంటే, తెలుస్తుంది. సాయంత్రం దొడ్డి తడిక దగ్గర నిలబడి చూస్తే, పంక్తిలో ఒక మనిషి మధ్యలో లేచిపోతే ఆకు ఖాళీగా కనబడినట్టు కనబడుతుంది. అంకె నాకూ తెలియదు, తెలుసుకోను కూడా. ఈ రాతలో ఎక్కడైనా దొరుకుతుందేమోనని మీరు వెతకొద్దు.

మొదటి రోజు పొద్దున్నే గేటుకు చేరాం. గేటు కాపలా కుర్రవాడు చిత్రదుర్గం పక్క వాడు, మంచివాడే. గేటు ఒక రెక్క మూసి, ఒక్కొక్కటే దూరేలా పెట్టి, చేతిలో కర్ర ఊపుతూ గట్టిగా మొదలుపెట్టాడు. "ఒందు... ఎరడు... మూరు..."

మా బావమరిది మంద ముందుకు దూకి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "నిలుపప్పా, నిలుపు!"

"కన్నడంలో గదా ఎంచుతా ఉండేది. మనకు తగల్దులే" అన్నాను నేను, పని చెడుతుందేమోనని.

"మన జీవాలకు కన్నడం రాదా? ఆ పొట్టేలును కొన్నిందే పావగడ సంతలో!"

దూరినవాటిని కూడా వెనక్కి తోలుకుని అందరూ ఇంటిదారి పట్టారు. ఇంజనీరు బైకు మీద వచ్చి, కోపం లేకుండానే అన్నాడు. "మీ పద్ధతి మీది. నా గేటు నాది. లెక్క లేకుండా ఒక్కటి కూడా లోపలికి రాదు. ఈ వారంలో తేల్చుకోండి, లేకుంటే గడ్డి కోసే మిషన్లు తెప్పిస్తా."

మిషన్లు వస్తే మా జీవాలు సంతకు పోవాల్సిందే. అందరూ తలవంచుకుని నడుస్తున్నారు. ఆ మౌనం నాకు పడదు. నడిదారిలో నిలబడి, "లెక్క ఎవరికీ తెలియకుండా లెక్క తేల్చే బ్యాంకు నేను కడతా" అన్నాను.

బావమరిది నా మొహం చూశాడు. "నువ్వా? బ్యాంకా? బావా, నీ బీడీకట్టకే నువ్వు లెక్క చెప్పలేవు."

"చూస్తా ఉండు."

అది ఎలా కట్టాలో అప్పటికి నాకు ఏమీ తెలియదు. ఇల్లు చేరి కోడలికి చెప్తే తల పట్టుకుంది.

"ఎవర్ని అడిగి మాటిచ్చినావు మామా?"

"నిన్ను నమ్ముకొని ఇచ్చినా తల్లీ."

"అడగకుండా నమ్ముకుంటివా?"

పీట ముందు కూర్చుంది. బియ్యం చెరుగుతున్న వాళ్ల అత్తను ఒకసారి చూసింది, నన్ను ఒకసారి చూసింది. తర్వాత మెల్లగా అంది. "నిల్వ అనే పేరు ముందర రెండు గీతలు పెడితే అది లోపలే ఉండిపోతాది మామా. బయట నుంచి చూపించమంటే చూపించదు. వేస్తే వేసుకుంటాది, తీస్తే తీస్తాది. ఎంత ఉండాదో మాత్రం చెప్పదు."

"ఎవరడిగినా?"

"ఎవరడిగినా. సాయంత్రం అన్నీ బయటికి వచ్చేస్తే నిల్వ సున్నా అవుతాది గదా. అప్పుడు 'సరి' అంటే చాలు. ఎన్ని పోయినాయో, ఎన్ని వచ్చినాయో ఎవరికి కావాల?"

నేను లేచి నిలబడ్డాను. "ఒసే, ఈ కంప్యూటరు కూడా మందతో తిరిగినదే!" అని మా ఆవిడకు వినబడేలా అరిచాను. "ముందు కూచో, చేట తన్నేస్తావు" అంది ఆవిడ.

ఖాతా అనే పేరు తీసేసి మంద అని పెట్టాం. వేయడానికి 'చేర్చు', తీయడానికి 'తోలు'. ఒక్కో ఇంటికి ఒక్కో ఆబ్జెక్టు. మా జీవాల వీపు మీద ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో రంగు వేస్తాం, కలిసి మేసినా ఎవరివో తెలియడానికి. ఆ రంగులే తెచ్చి ల్యాప్‌టాప్ మీటల మీద ఒక్కో చుక్క పెట్టాను. మాది ఎరుపు, బావమరిదిది నీలం. గేటులో ఎర్ర వీపు దూరితే ఎర్ర మీట నొక్కితే చాలు, పొద్దున అయితే చేర్చుకుంటుంది, సాయంత్రం అయితే తోలుతుంది. కోడలు చూసి పరుగున వచ్చి ఒక చుక్కను గోటితో గీకింది.

"మామా! అది కోర్సువాళ్ల ల్యాప్‌టాప్!"

"పోదులేమ్మా. వానకు కూడా పోని రంగు."

"అదే నా ఏడుపు!"

ఇంజనీరు ప్రోగ్రామును తిప్పి తిప్పి చూశాడు. గొర్రెలకు బదులు రెండు పుల్లలు గేటు లోపలికీ బయటికీ వేసి పరీక్ష పెట్టాడు. నిల్వ చూపించమని అడిగి చూశాడు, అది చూపించలేదు. "ఇది సరి అంటే నాకూ సరి" అన్నాడు. బావమరిది మాత్రం పూర్తిగా నమ్మలేదు. "నోటితో అనకపోయినా లోపల ఎంచుకుంటా ఉంటాది గదా బావా. మనసులో అనుకున్నా దిష్టే." అయినా ఎండలు ముదురుతున్నాయి, బీడులో పుల్ల లేదు. ఆయనా తోలుకొచ్చాడు.

ఆ నెల రోజులూ మా ఊళ్లో నేనే బ్యాంకు మేనేజరును. పొద్దున గేటు పక్క కుర్చీ, ముందు టేబులు, దాని మీద చుక్కల ల్యాప్‌టాప్. ప్రతి సాయంత్రం చివరి గొర్రె దాటగానే తెర మీద ఒక్కో ఇంటి ముందు 'సరి' అని పడేది. ఎవరి సరి వాళ్లు చూసుకుని గొంతెత్తి అరిచేవాళ్లు. ఏ బ్యాంకులోనైనా సున్నా కనబడితే మనిషి కూలబడిపోతాడు. సున్నా చూసి సంబరపడే బ్యాంకు మాది ఒక్కటే. జీవాల డొక్కలు నిండాయి, ఉన్ని మెరిసింది. కాపలా కుర్రవాడు కర్ర పక్కన పడేసి నాకు టీ తెచ్చి ఇచ్చేవాడు.

చివరి రోజు వచ్చింది. ఆ రోజు నేను కూడా మంద వెంట లోపలికి పోయాను. ఇన్నాళ్లు కాసినది ఆఖరి పూట చెడకూడదని, పొద్దంతా మంద వెనకే తిరిగి, రెప్ప వేయకుండా కాశాను. మా ఆవిడ కూడా తోడు వచ్చింది. సాయంత్రం ఇంజనీరు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పని లేకపోయినా కోడలు వచ్చింది. నేను కుర్చీలో కూర్చున్నాను, మీటలు నొక్కుతున్నాను, నీలం సరి, పచ్చ సరి, పసుపు సరి. ఎరుపు మాత్రం మిగిలింది, మాది.

ఎర్ర వీపులు ఒక్కొక్కటే దాటాయి. వెనక మా ఆవిడ కొంగులో ఏదో ఎత్తుకుని నడిచింది. నా పక్కకు రాగానే అది 'మే' అంది. మా పక్క నుంచి 'మే' అంటే నా వేలు ఎర్ర మీద పడుతుంది, అలవాటు. నొక్కాను. ఎరుపు ముందు 'సరి' పడింది. ఆవిడ వెనకాలే ఇంకో ఎర్ర వీపు గొర్రె మెల్లగా, ఈడ్చుకుంటూ వచ్చింది. దానికీ నొక్కాను.

'నిల్వ చాలదు.'

మళ్లీ నొక్కాను. 'నిల్వ చాలదు.'

కాపలా కుర్రవాడు గేటు మూసేశాడు. గొర్రె లోపల, మేము బయట. లోపల అది అరుస్తోంది, బయట మా ఆవిడ కొంగు అరుస్తోంది. ఇంజనీరు దగ్గరికి వచ్చాడు. "పోయినదానికంటే ఎక్కువ వచ్చిందంటే ఏమిటి అర్థం? లోపల ఇంకెవరివైనా ఉన్నాయా? లేక ఇన్నాళ్లూ ఇది చెప్పిన సరి అంతా అబద్ధమా?"

"చెప్తిని గదా, మనసులో ఎంచినా దిష్టేనని" అన్నాడు బావమరిది. అందరూ నన్నే చూస్తున్నారు. నా మీటల చుక్కలు నన్నే చూస్తున్నాయి. మా మంద సంతలో తాళ్లకు కట్టి నిలబెట్టినట్టు నా కళ్ల ముందు కనబడింది.

అప్పుడు చటుక్కున తట్టింది నాకు. "ఈనింది!" అని అరిచాను. "సామీ, లోపల ఈనింది! పిల్ల పొద్దున లోపలికి పోలేదు, ఆడనే పుట్టింది. బ్యాంకుకు వేసేది తెలుసు, తీసేది తెలుసు. పుట్టేది తెలీదు!"

కోడలు తన నుదురు తనే కొట్టుకుంది. "వడ్డీ, మామా! పొదుపు ఖాతా!"

మధ్యాహ్నపు పాఠంలో నేను నవ్వి పోగొట్టుకున్నది అదే. ఇంజనీరు చేతులు కట్టుకున్నాడు. "పొద్దు గుంకే లోపల సరి చూపించండి. చూస్తా."

కోడలు కూర్చోబోతే నేను లేవలేదు. "నేను కొడతా. నువ్వు చూడు."

మందకు ఒక బిడ్డ క్లాసు మొదలుపెట్టాను, పేరు 'ఈనేమంద'. చేర్చు, తోలు తల్లి నుంచి వాటికవే వస్తాయి. దీనికి సొంతంగా ఒక పని, 'ఈను'. ఈను అంటే ఏం చేయాలి? నిల్వకు ఒకటి కలపాలి. అదే రాశాను. నడిపిస్తే, నిల్వ అనే పేరే నాకు తెలియదని తప్పు చూపించింది.

"తెలీదంటాదేంది? వాళ్లమ్మ దగ్గర ఉండాది గదా!"

"ఉండాది మామా. కానీ దాచిపెట్టినాం గదా, రెండు గీతలు పెట్టి. సొంత బిడ్డకు కూడా చూపించదు. నువ్వు ముట్టుకోవద్దు, తల్లినే పిలిచి 'చేర్చు' అని చెప్పు. ఆమె చేర్చుకుంటాది."

వెనక నుంచి బావమరిది మెడ ముందుకు పెట్టాడు. "ఏందీ? కన్నబిడ్డకు కూడా చెప్పదా?"

"చెప్పదు."

"ఎంత ఉండాదని బిడ్డ అడిగినా?"

"అడిగినా చెప్పదు, నువ్వే చూస్తివి గదా" అంది కోడలు ఆయనతో.

ఆయన తెర మీదికి ఇంకా వంగాడు. తలపాగా సర్దుకున్నాడు. "అయితే ఇది మనోళ్ల ఇంట్లో పుట్టినదే" అన్నాడు. "కొట్టు బావా. పొద్దు పోతా ఉండాది."

తల్లిని పిలిచి చేర్చమని రాశాను. అందరి ఖాతాలూ అప్పటికే సున్నాలు కాబట్టి ప్రోగ్రామును ఆపి మళ్లీ మొదలుపెట్టినా నష్టం లేదంది కోడలు. మొదలుపెట్టాను. పిల్లకు ఏ రంగూ లేదు కాబట్టి ఏ చుక్కా లేని మీట ఒకటి దానికిచ్చాం. నొక్కాను, ఈనింది. కాపలా కుర్రవాడు గేటు తీశాడు. తల్లి పరుగున వచ్చి మా ఆవిడ కొంగులో తల దూర్చింది. ఎర్ర మీట నొక్కాను.

'సరి.'

ఎవరు ముందు అరిచారో చెప్పలేను. బావమరిది నన్ను ఎత్తబోయి నడుము పట్టుకుని కూర్చున్నాడు. కాపలా కుర్రవాడు ఈల వేశాడు. ఇంజనీరు పిల్ల చెవి నిమిరి, "ఇంక ట్రయల్ లేదు. రేపటి నుంచి మామూలుగా తోలుకు రండి" అన్నాడు. ఆ ఎండాకాలం మా ఊళ్లో ఒక్క గొర్రె కూడా సంతకు పోలేదు. తర్వాత వెంకటమ్మనహళ్లి వైపు నుంచి కూడా మందల వాళ్లు వచ్చి మా బ్యాంకును చూసి పోయారు. ఇప్పుడు ఇంకో గేటులో కూడా అదే ప్రోగ్రాము నడుస్తోంది, దానిలో కూడా 'చేర్చు', 'తోలు', 'ఈను' అనే ఉన్నాయి. అవి నా మాటలు. ఆ గేటుకు పోయినప్పుడల్లా ఒకసారి తెర మీద చదువుకుని వస్తాను.

ఇక బాకీ ఉన్నది ఒప్పుకుంటాను. బ్యాంకు మొత్తం కోడలిది. నిల్వను దాచే ఉపాయం ఆమెది, సున్నా వస్తే చాలన్న ఆలోచన ఆమెది. నేను రాసింది పేర్లు, చివర ఆ బిడ్డ క్లాసు. దానిలో కూడా వరుస చివర రెండు చుక్కలు పెట్టడం మరిచిపోతే ఆమే పెట్టింది, వరుసలు లోపలికి జరపాల్సినచోట ఆమే జరిపింది. రంగు చుక్కలు మాత్రం నావే. కోర్సువాళ్లకు ఆ ల్యాప్‌టాప్‌ను తిరిగి ఇచ్చేటప్పుడు కూడా అవి పోలేదు. కానీ ఈనిందని గేటు దగ్గర తట్టింది మాత్రం నాకే. మిగతాదంతా ఎవరు పట్టుకుపోయినా, ఆ ఒక్కటి నా దగ్గర నుంచి ఎవరూ తీసుకోలేరు.

ఇంతవరకు రాసి, వాకిట్లో కూర్చుని మా ఆవిడకూ కోడలికీ చదివి వినిపించాను. కోడలు అత్త వైపు చూసింది. మా ఆవిడ చేతిలోని కసువు మోపు కింద పెట్టింది.

"ఏందీ, నీకు తట్టిందా? ఆ పొద్దు నువ్వు రెప్ప వేయలేదా? ప్యానెల్ నీడన పడుకొని గుర్రు పెడతా ఉంటివి. జీవాలు బెదురుతా ఉండాయని మందను అవతల వరుసకు తోలుకపోయింది నేను. గొర్రెకు కాన్పు చేసి, పిల్లను తుడిచి, నోటికి పాలు పట్టించింది నేను. గేటు కాడ నువ్వు నోరు తెరుచుకొని కూచోనుంటే, 'ఈ పిల్ల పొద్దున లోపలికి పోలేదుప్పా, దీనికి ఎందుకు నొక్కినావు' అని నీ చెవులో చెప్పింది కూడా నేనే. అది ఈనేటప్పుడు ఆడ ఉండింది నేను. నువ్వూ లేవు, నీ బ్యాంకూ లేదు. ముందు అది రాయి."